పని బాగానే ఉంటుందండి!



రాజమండ్రిలో ఒక కుర్రాడు చదువు ముగించి బతుకుతెరువు కోసం చుట్టూ చూశాడు. సర్కారు కొలువు చేతికి రావాలంటే ముందు చేయి తడపాలి. పోనీ ప్లీడరీ చేద్దామంటే, కోర్టులో అబద్ధం ఆడకుండా నెగ్గుకురావడం కష్టమని తెలిసింది. రెండూ తన ఒంటికి పడవనుకున్నాడు. బడిపంతులయ్యాడు. కోరంగిలో కొన్నాళ్లు, ధవళేశ్వరంలో కొన్నాళ్లు ప్రధానోపాధ్యాయుడిగా చేశాడు. ఆయనే కందుకూరి వీరేశలింగం. 1874లో 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టాక లంచగొండి అధికారుల్ని ఉతికి ఆరేశారు. తాను వద్దనుకున్న ఉద్యోగాల లోగుట్టు ఆయనకు ముందే తెలుసు కదా!

అదే ఊళ్లో, కొన్నేళ్ల తర్వాత, అదే ప్లీడరీని ఇంకొకాయన ఇష్టపడి చేశారు. టంగుటూరి ప్రకాశం. రెండో తరగతి ప్లీడరుగా రాజమండ్రిలో పేరూ డబ్బూ సంపాదించారు, మునిసిపల్ చైర్మన్ అయ్యారు. కానీ రెండో తరగతి ప్లీడరుకు హైకోర్టు గడప ఎక్కే హక్కు లేదు. ఆ గిరిగీత నచ్చక 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరు చదివి వచ్చారు. మద్రాసులో ఇంకా పెద్ద ఆదాయం చూశారు. 1921లో సహాయ నిరాకరణ పిలుపు రాగానే ఆ వృత్తినీ వదిలేశారు. ఒక ఊరు, ఒక వృత్తి. ఒకాయన గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు, రెండో ఆయన లోపలికి వెళ్లి అన్నీ చూసి మరీ బయటికొచ్చారు.

ఉద్యోగం వదిలిన వాళ్ల కథలు గోదావరి జిల్లాల్లో చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. కాకినాడలో నాటకాలాడిన ఎస్వీ రంగారావు కొంతకాలం అగ్నిమాపక శాఖలో ఆఫీసరు. 1946లో 'వరూధిని' సినిమా కోసం ఆ యూనిఫాం విప్పేశారు. రాజమండ్రిలో పుట్టిన రాజబాబు తెలుగు మాస్టారుగా పాఠాలు చెప్పి, 1960లో మద్రాసు రైలెక్కారు. నిప్పులార్పే పనిలోనో, పిల్లలకు పాఠం చెప్పే పనిలోనో తప్పేమీ లేదు. వాళ్లను ఇంకో పని రమ్మని పిలిచింది, అంతే.

అయితే ఇవన్నీ వదలగలిగిన వాళ్ల ముచ్చట్లు. వదలలేని వాళ్లు, వదిలే ఉద్దేశం లేని వాళ్లు, వదలాలో వద్దో ఆలోచించే తీరిక లేని వాళ్లు లక్షల్లో ఉంటారు. వాళ్లను 'మీ పనిలో మీకేం నచ్చుతుంది, ఏం నచ్చదు' అని అడిగే మనిషి అరుదు. అమెరికాలో షికాగో నగరంలో స్టడ్స్ టెర్కెల్ అనే రేడియో ఆయన ఉండేవాడు. టేప్ రికార్డరు పట్టుకుని రాతి మేస్త్రీనీ, హోటల్లో వడ్డించే ఆమెనూ, ఉక్కు కార్మికుడినీ, ఇలా వందమందికి పైగా జనాన్ని ఈ ప్రశ్నే అడిగాడు. ఆ మాటలన్నీ కలిపి 1974లో 'వర్కింగ్' అని పుస్తకం వేశాడు. అంతకు పదిహేనేళ్ల ముందు, 1959లో, ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లనూ అకౌంటెంట్లనూ అడిగి ఒక సంగతి తేల్చాడు. పనిలో సంతోషం ఇచ్చేవి వేరు, విసుగు పుట్టించేవి వేరు. ఒక పని చేసి చూపించామన్న తృప్తి, నలుగురూ గుర్తించడం, పనిలో ఉన్న పస, ఇవి సంతోషం తెస్తాయి. పైవాడి అజమాయిషీ, సంస్థ పద్ధతులు, జీతం, పనిచేసే చోటు, ఇవి చికాకు పెడతాయి. రెండో జాబితాలోవన్నీ సరిచేసినా చికాకు పోతుందే తప్ప దానంతట అదే ఇష్టం పుట్టుకురాదని ఆయన వాదన.

ఈ మాట ఇంజనీర్ల విషయంలో నిజమే కావచ్చు. గోదావరి డెల్టాలో చేతిపనుల దగ్గరికి తెచ్చి చూస్తే కొంత నిలబడుతుంది, కొంత నిలబడదు. నిలబడే ముక్కను ఇక్కడి జనం ఎప్పుడో ఒక్క వాక్యంలో చెప్పేశారు: "పని బాగానే ఉంటుందండి, లెక్కే బాగోదు."

ఆత్రేయపురం పూతరేకునే తీసుకోండి. పెళ్లిళ్లలో వెండి కాగితంలా తళతళలాడే ఆ మిఠాయి వెనక ఒక పొయ్యి ఉంటుంది. దాని మీద బోర్లించిన కుండ ఉంటుంది, అన్నం వండుకునే కుండ కాదు, రేకులు తీయడానికి ప్రత్యేకంగా చేయించినది. జయ రకం బియ్యాన్ని నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లలా పల్చగా జారేలా కలుపుతారు. పొయ్యిలో ఎండు కొబ్బరాకు పెడతారు. దాని మంట చప్పున లేస్తుంది, చప్పున చల్లారుతుంది, అందుకే ఒక కన్ను ఎప్పుడూ మంట మీదే ఉండాలి. కుండ వేడెక్కాక పల్చటి గుడ్డను పిండినీళ్లలో ముంచి, రెండు చేతులతో పరిచి, కుండ మీద ఒక్క లాగు లాగుతారు. గుడ్డ అటు వెళ్లేసరికి ఇటు రేకు సిద్ధం. అంచు పట్టుకుని లేపి పక్కన పెట్టాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. కుండ వేడి ఎంతుందో కొలిచే మీటరేమీ లేదు, గుడ్డ తగిలినప్పుడు వచ్చే 'చుయ్'మన్న చప్పుడే కొలత.

ఈ పని చేసే ఆడవాళ్లకు ఆ ఒడుపు మీద గర్వం ఉంటుంది. ఉండాలి కూడా. కొత్తగా నేర్చుకునే వాళ్ల చేతిలో ముక్కలయ్యే రేకు, చెయ్యి తిరిగిన ఆవిడ చేతిలో చెక్కుచెదరకుండా లేస్తుంది. చూసేవాళ్లు నోరు తెరుస్తారు. ఇంటి పట్టునే ఉండి సంపాదించుకోవచ్చు. మరి నచ్చనిది? పొగ. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవడం. ఎండాకాలంలో సైతం పక్కన ఫ్యాను పెట్టుకోడానికి లేదు, గాలికి మంట చెదురుతుంది, రేకు ఎగిరిపోతుంది. సరిగ్గా ఆ ఎండాకాలంలోనే పెళ్లిళ్ల గిరాకీ. పైగా రేకు తీసేవాళ్లు వేరు, నెయ్యీ పంచదారా బెల్లమూ జీడిపప్పూ వేసి చుట్టేవాళ్లు వేరు, పెట్టెల్లో పెట్టి అమ్మేవాళ్లు వేరు. రేకుకు కూలి వంద రేకులకింత లెక్కన, పెట్టెకు ధర బ్రాండు లెక్కన. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని సంపాదించిన తయారీదారుల సంఘానికి గోదావరి మీద ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరుంది. ఈ జిల్లాల్లో నీళ్లొచ్చినా మిఠాయికి గుర్తింపొచ్చినా ఆ దొర పేరు తలవక తప్పదేమో! ఊరి పేరుకు రక్షణ దొరకడం మంచిదే. కుండ ముందు కూర్చున్న ఆవిడ కళ్లకు పొగ తగ్గించే పొయ్యి సంగతి మాత్రం ఆ గుర్తింపు కాగితంలో ఉండదు.

గోదావరి దాటి నరసాపురం వెళ్తే కథ ఇంకో మెలిక తిరుగుతుంది. అక్కడి లేసు పని పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. కొక్కెం సూదీ, నూలూ, రెండు వేళ్లూ, ఇవే పరికరాలు. గుమ్మం ముందు కూర్చుని, పక్కింటావిడతో కబుర్లు చెబుతూనే అల్లేస్తుంటారు. పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపి పెద్ద గుడ్డగా చేసేది అతుకుపని. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికి వచ్చి, ఈ ఆడవాళ్ల మధ్య అధ్యయనం చేసి, 1982లో నరసాపురం లేసు పనివాళ్ల మీద ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచంలో స్త్రీల శ్రమ గురించి చదువుకునే వాళ్లకు ఇవాళ్టికీ నరసాపురం పేరు తెలిసేది ఆ పుస్తకం వల్లే.

ఆవిడ పట్టుకున్న కీలకం ఇది. ఇంటిచాకిరీ అంతా చేసుకుంటూ రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఈ మనుషుల్ని అందరూ 'గృహిణులు' అనే అంటున్నారు. వాళ్లు చేసేది ఉద్యోగం కాదు, తీరిక వేళ కాలక్షేపం అనుకుంటున్నారు. వాళ్ల లేసు మాత్రం ఓడలెక్కి విదేశాలకు పోతోంది. నూలు ఇచ్చి పీసులు పట్టుకెళ్లే ఏజెంట్లు ఉన్నారు, వాళ్ల పైన వ్యాపారులు, ఆ పైన ఎగుమతిదారులు. పై మెట్లలో చాలావరకు మగవాళ్లే. వాళ్లకు అల్లిక రావలసిన అవసరం లేదు.

'మీ ఉద్యోగంలో మీకేం నచ్చదు' అనే ప్రశ్న ఇక్కడ అడ్డం తిరుగుతుంది. ఉద్యోగం అని ఎవరైనా ఒప్పుకుంటే కదా నచ్చడం, నచ్చకపోవడం! హెర్జ్‌బర్గ్ లెక్కలో ఇలాంటి గడి లేదు. ఆయన అడిగిన అకౌంటెంట్లకు కుర్చీ ఉంది, జీతం కాగితం ఉంది. నరసాపురంలో ఇష్టం మాత్రం కళ్లకు కనబడుతుంది. కొత్త డిజైను చూడగానే కళ్లతోనే కుట్లు లెక్కపెట్టేసి, కాగితం అవసరం లేకుండా మర్నాటికి అల్లి చూపించే వాళ్లున్నారు. పరదా పద్ధతి గట్టిగా ఉన్న కుటుంబాల ఆడవాళ్లకు, పొలానికి వెళ్లకుండా గౌరవం నిలుపుకుంటూ నాలుగు డబ్బులు చూసే దారి ఇదొక్కటే అయింది. ఆ గౌరవమే కూలి పెరగకుండా అడ్డుపడింది కూడా. గుమ్మం దాటని మనిషి బజారు ధర ఎలా తెలుసుకుంటుంది? 2024లో నరసాపురం లేసుకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు ఫోనులో ఫోటోలు పెట్టి సొంతంగా అమ్మడం మొదలుపెట్టారు. మీస్ పుస్తకం వచ్చాక ఇక్కడిదాకా రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇక కోనసీమ. కొబ్బరి దింపు కార్మికుల మాట ఎత్తకుండా ఇక్కడి పనుల గురించి మాట్లాడటం కుదరదు. అరవై డెబ్భై అడుగుల చెట్టు. కాళ్లకు తాడు, నడుముకు కత్తి. పొద్దున్నే ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదిరేలోపు దిగిపోవాలి. పైకెళ్లాక కాయను వేలితో కొట్టి చూస్తారు, ముదిరిందా లేదా అనేది ఆ చప్పుడే చెబుతుంది. గెల నరికే ముందు మొవ్వులో కందిరీగల తుట్టె ఉందేమో, పాము చుట్టుకుని ఉందేమో చూసుకోవాలి. వానాకాలం మాను పాచిపట్టి జారుతుంది. ఇంత భయం ఉన్న పనిలో నచ్చేదేముంది?

ఉంది. చెట్టెక్కిన మనిషి మీద అజమాయిషీ చేసే మేస్త్రీ లేడు. రైతు కింద నిలబడి ఎంత అరిచినా పైన నిర్ణయం దింపు తీసేవాడిదే. మధ్యాహ్నానికి పని అయిపోతుంది, చెట్టు లెక్కన డబ్బు అప్పటికప్పుడే చేతికొస్తుంది. పైగా మనిషి అవసరం ఊరంతటికీ ఉంది. దింపు వాడి కోసం రైతు ఫోను చేసి బతిమాలుకునే రోజులివి. కాపు కోతకు వచ్చి, దింపు మనిషి దొరక్క కాయ చెట్టునే ఉండిపోతే నష్టం రైతుదే. కింద ఒలుపు పనివాళ్లు నేలలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి మూడు తిప్పుల్లో పీచు ఊడదీస్తుంటే, అంబాజీపేట మార్కెట్‌కు వెళ్లే లారీ ఎదురుచూస్తుంటుంది. ఈ గొలుసంతటికీ మొదటి కొలికి ఆ చెట్టు మీద ఉన్నవాడు.

ఆ కొలికి తెగుతోంది. దింపు కార్మికుడి కొడుకు చెట్టెక్కడం లేదు. కూలి తక్కువని కాదు, ఇప్పుడు కూలి బాగానే పెరిగింది. పెళ్లి సంబంధం చూడటానికి వచ్చిన వాళ్లు 'అబ్బాయి ఏం చేస్తాడు' అంటే చెప్పుకోవడం కష్టం, అదీ సంగతి. హైదరాబాదులో సెక్యూరిటీ గార్డంటే పిల్లనిస్తారు, కోనసీమలో చెట్టెక్కి అంతకు రెట్టింపు తెచ్చుకుంటానంటే ఇవ్వరు. కేరళకూ ఇదే బాధ వచ్చింది. అక్కడ 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు యంత్రంతో చెట్టెక్కడం నేర్పే శిక్షణ మొదలుపెట్టింది, ఆడవాళ్లు కూడా నేర్చుకున్నారు. దానికి 'కొబ్బరిచెట్టు నేస్తాలు' అనే అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టారు. పేరు మార్చితే పెళ్లి సంబంధాలు కుదురుతాయని కాదు గానీ, యూనిఫామూ సర్టిఫికెట్టూ ఉంటే మనిషిని చూసే చూపు కొంత మారుతుంది. చెట్టు మీంచి పడేవాళ్ల కోసం అదే బోర్డు 'కేర సురక్ష' అని బీమా నడుపుతోంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లను నేలకూల్చినప్పుడు రైతు నష్టం అందరి నోటా వినబడింది. ఎక్కడానికి చెట్టే లేకుండా పోయినవాడి నష్టం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

రైతు దగ్గరికి రావాలంటే ముందు నీళ్ల దగ్గరికి రావాలి. ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్ల కింద పదిలక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. జూన్‌లో కాలువలు వదలగానే లాకుల దగ్గర లస్కర్లకు నిద్ర కరువు. లస్కరు ఉద్యోగం చూడ్డానికి తేలిక, షట్టరు ఎత్తడం దించడమే కదా అనిపిస్తుంది. ఎగువ రైతు షట్టరు దించొద్దంటాడు, శివారు రైతు ఇంకా ఎత్తమంటాడు. వంతులవారీ నీళ్లిచ్చే రోజుల్లో అర్ధరాత్రి ఎవరో వచ్చి ఎవరికీ తెలియకుండా షట్టరు ఎత్తిపోతారు, తెల్లారి తిట్లు లస్కరుకు. వరద రోజుల్లో ఇంకో తంతు. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు డెల్టాలో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఆ రోజుల్లో గట్టు మీద తిరిగే ఉద్యోగులకు ఇంటికి వెళ్లాలనిపించదట. 1986 ఆగస్టు వరద చూసిన సీనియర్లు రిటైరైనా ఆ రాత్రుల గురించి చెబుతూనే ఉంటారు. ఎక్కువ కష్టపడ్డ రోజే ఎక్కువ ఇష్టంగా గుర్తుండిపోవడం ఉద్యోగాల్లో ఉండే ఒక వింత.

ఆ నీళ్లతో సేద్యం చేసే రైతు 2011లో చేసిన పని దేశం మొత్తాన్ని ఇటు తిప్పింది. కోనసీమలో అల్లవరం, ఉప్పలగుప్తం లాంటి తీర మండలాల రైతులు ఆ ఖరీఫ్‌లో నాట్లు వేయబోమని చెప్పేశారు. పంట విరామం! కార్మికులు సమ్మె చేస్తే యజమానికి నష్టం. రైతు సమ్మె చేస్తే ఎవరికి నోటీసివ్వాలి? తన పొలానికి తానే సెలవు చీటీ రాసుకున్నట్టయింది. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునగడం, పండించిన ధాన్యం పెట్టుకోడానికి చోటు లేకపోవడం, పెట్టుబడి ఎక్కువై ధర తక్కువ కావడం, కూలీలు దొరక్కపోవడం, ఇవీ కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఆ రైతులు ఏకరువు పెట్టిన కష్టాల్లో దుక్కి దున్నడం కష్టమనో, బురదలో దిగడం ఇష్టం లేదనో ఒక్క మాట లేదు. అన్నీ లెక్కలే. డెల్టాలో సేద్యంలో పెద్ద వాటా కౌలుదారులదని గుర్తుంచుకుంటే ఆ లెక్కలు ఇంకా బరువెక్కుతాయి. పంట మునిగినా కౌలు బస్తాలు మునగవు.

వరి లాభం లేదని చెరువులు తవ్వినవాళ్లు భీమవరం చుట్టూ కనబడతారు. 2009 తర్వాత వెనామీ రొయ్య వచ్చి పనుల పేర్లే మార్చేసింది. చెరువు కాపలా అనే ఉద్యోగం రాత్రి మొదలవుతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోయిందా, జనరేటరు అందుకోవడానికి ఉన్న వ్యవధి నిమిషాల్లోనే. నిద్రపోతే ఒక్క రాత్రిలో చెరువు మొత్తం తేలిపోతుంది. ఈ పనిలో విసుగు తక్కువ, గుండెదడ ఎక్కువ. పట్టుబడి అయ్యాక సరుకు ప్రాసెసింగ్ షెడ్డుకు వెళ్తుంది. అక్కడ ఆడవాళ్లు నిలబడి, ఐసులో ఉన్న రొయ్యల తలలూ పొట్టూ తీస్తారు. చేతులు కొయ్యబారతాయి. వేళ్లు ఎంత చురుగ్గా కదిలితే అంత కూలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, ఆ షెడ్డులో నిలబడ్డ ఆవిడకు వాషింగ్టన్ పేరు తెలుసో లేదో గానీ, రేపు పని ఉందో లేదో అనే బెంగ మాత్రం అక్కడి నుంచే వచ్చింది.

పని కోసం దేశం దాటేవాళ్లూ ఉన్నారు. రాజోలు, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఆడవాళ్లు ఇంటిపని కోసం కువైట్, మస్కట్ వెళ్తుంటారు. పదో తరగతి దాటని వాళ్లకు ముప్పై ఏళ్లు నిండితే తప్ప ఆ పనికి వెళ్లే అనుమతి లేదన్నది నిబంధన. చిన్నవయసు వాళ్లను దొడ్డిదారిన పంపే ఏజెంట్లు ఉన్నారన్నది వాస్తవం. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది, సెలవు ఆయన దయ. ఈ పనిని ఇష్టపడి చేశామని చెప్పేవాళ్లు అరుదు. అయినా ఊళ్లో వేసిన శ్లాబు, పిల్లకు కట్టిన ఇంజనీరింగు ఫీజు చూపించేటప్పుడు ఆ గొంతులో వినిపించేది సంతోషం కాదని ఎలా అంటాం? జీతం వల్ల ఇష్టం పుట్టదన్న హెర్జ్‌బర్గ్ మాట ఇక్కడ చెల్లదు. ఆ డబ్బు అక్కడ జీతం, ఇక్కడ ఇల్లు.

సర్కారు ఉద్యోగం అంటే వీరేశలింగం కాలం నుంచీ ఉన్న మోజు ఇప్పుడు వేరే వేషం వేసుకుంది. 2019 అక్టోబరు 2న కాకినాడ పక్కన కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థ ప్రారంభమైంది. రాష్ట్రమంతటా లక్షకు పైగా ఉద్యోగాలు. బీటెక్కులు, ఎమ్మెస్సీలు చదివినవాళ్లు సొంత జిల్లాలో డిజిటల్ అసిస్టెంటుగా, వెల్ఫేర్ అసిస్టెంటుగా చేరారు. మొదట్లో నెలకు 15 వేలు. రెండేళ్లకు ప్రొబేషన్ ఖరారవుతుందన్నారు, అవలేదు. 2022 జనవరిలో రోడ్డెక్కారు, ఆ ఏడాది మధ్యలో గానీ అది తేలలేదు. మహిళా సంరక్షణ కార్యదర్శులుగా చేరిన అమ్మాయిలను మహిళా పోలీసులన్నారు, ఖాకీ వేసుకోమన్నారు. ఆ వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. పరీక్ష రాసింది ఒక ఉద్యోగానికి, చేరాక చేయమన్నది ఇంకొకటి! ఉద్యోగం ఇంటి పక్కనే. నచ్చేదీ అదే, నచ్చనిదీ అదే. పింఛను ఆగిన మామ్మ ఆఫీసు వేళ కోసం ఆగదు, ఆదివారం పొద్దున్న గుమ్మం ముందు కూర్చుని "ఏమ్మా, నా పేరెందుకు పోయిందే?" అంటుంది. అదే మామ్మ, పేరు తిరిగి ఎక్కిన రోజున కాకరకాయలు కోసుకుని తెచ్చి ఇస్తుంది.

సాఫ్ట్‌వేరు వాళ్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే బెంగళూరు, హైదరాబాదు వదిలి ఊళ్లకు వచ్చారు. అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని అమెరికా వాళ్లతో మాట్లాడారు. చాలామందికి ఉద్యోగం హఠాత్తుగా నచ్చింది. ఆఫీసుకు రమ్మనగానే మళ్లీ నచ్చడం మానేసింది. పని మారలేదు, పులస చేప దొరికే ఊరు దూరమైంది.

పనితనం గురించి ఒక్క సంఘటన చెప్పి తీరాలి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ఠ' పర్యాటక బోటు మునిగిపోయింది. అప్పుడు గోదావరి వరద మీద ఉంది. బోటు లోతున ఇసుకలో కూరుకుపోయింది. పెద్ద పెద్ద యంత్రాంగాలు చూసి, తీయడం కష్టమన్నాయి. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం అనే ఆయన తన బృందంతో వచ్చారు. బోటు ఎక్కడుందో కంటికి కనబడదు. లంగర్లు కట్టిన ఇనుప తాడును నదిలో వలయంగా వదిలి, ఒడ్డు నుంచి పొక్లెయిన్‌తో లాగాలి. ఏదైనా తగిలితే తాడు బిగుసుకుంటుంది. అది బండరాయో, బోటో తాడు మీద చెయ్యి వేసి చెప్పగలగాలి. తాడు తెగింది. లంగరు రాయికి పట్టుకుంది. వరద పెరిగి పని ఆగింది, మళ్లీ మొదలైంది. విశాఖ నుంచి వచ్చిన ఈతగాళ్లు నీళ్లలోకి దిగి బోటుకు తాళ్లు బిగించారు. అక్టోబరు 22న బోటు బయటపడింది. అది సంబరపడే సందర్భం కాదు. లోపల చిక్కుకున్న వాళ్ల కోసం ఒడ్డున కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. అయినా ఆ బృందం పేరు ఆ నెలంతా రెండు రాష్ట్రాల్లో మారుమోగింది. డిగ్రీలు లేని చేతులకు తెలిసిన విద్య డిగ్రీలున్న వాళ్లకు అవసరమైంది. తమ పనిలో నచ్చేదేమిటని ఆ మనుషుల్ని ఆ రోజున ఎవరూ అడగాల్సిన పనిలేకపోయింది.

ఇష్టాయిష్టాల గురించి ఎన్ని ప్రశ్నలు వేసినా ఒక ప్రశ్న దగ్గర జవాబు సూటిగా వస్తుంది: 'మీ పిల్లల్ని ఇదే పనిలో పెడతారా?' కుండ ముందు ఆవిడ వద్దంటుంది. దింపు ఆయన వద్దంటాడు. వరి రైతు నవ్వేసి ఊరుకుంటాడు. కడియం నర్సరీల యజమానులు మాత్రం అవునంటారు. కడియం, కడియపులంక దారిలో తాత మొదలుపెట్టిన తోటను మనవలు నడుపుతున్నారు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి వెనక్కి వచ్చినవాళ్లున్నారు, ఢిల్లీ నుంచి ఆర్డర్లు ఫోనులో తీసుకుంటున్నారు. మొక్కకు ధర వాళ్లే చెబుతారు మరి. అదే తోటలో నీడపట్టున కూర్చుని నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపే ఆడకూలీలను అడిగితే, వరి కోతల కంటే ఇదే నయమంటారు. ఏడాది పొడుగునా పని ఉంటుంది, ఎండ తగలదు, మొక్కల మధ్య మనసుకు బాగుంటుంది. పిల్లల మాట ఎత్తగానే చెయ్యి అడ్డంగా ఊపుతారు. పాపకు రాజమండ్రి కాలేజీలో సీటొచ్చిందని, ఫీజు రీయింబర్స్‌మెంటు ఇంకా పడలేదని చెబుతూ ఇంకో సంచీ అందుకుంటారు.